ముద్రలు మొలిచిన వేళ్లు

బమ్మిడి హైమావతి చేసిన తప్పేమిటంటే, స్కాలర్‌షిప్ ఇచ్చారు కదా అని ఏడాదిపాటు బుద్ధిగా చదువుకుంది. ఆ పిల్ల అలా పుస్తకం పట్టుకుని కూర్చోకపోతే ఇంత గొడవ వచ్చేది కాదు. జిల్లా విద్యాసహాయ పంపిణీ సంస్థలో అంతమంది పెద్దలు అన్ని ఫైళ్లు తిరగెయ్యాల్సిన అవసరమూ ఉండేది కాదు. కానీ ఈ కాలం పిల్లలకి ముందుచూపేదీ?

మొదట్నించీ చెప్తాను. హైమావతిది పలాస పక్కన చిన్న ఊరు. అక్కడి ఆడవాళ్లలో చాలామందికి జీడిపిక్కల షెడ్డే దిక్కు. కాల్చిన పిక్కని ఎడం చేత్తో పట్టుకుని, కుడి చేత్తో కర్రసుత్తి ఎత్తి, పప్పు చితక్కుండా పెంకు మాత్రం పగలగొట్టాలి. పెంకులోంచి నల్లటి రసం కారి రెండు చేతులకీ అంటుతుంది. అది తగిలిన చోట తోలు కాలి ఊడిపోతుంది. ఆడవాళ్లు బూడిద రాసుకుంటారు, ఆముదం రాసుకుంటారు. రసం దాని పని అది చేసుకుపోతుంది. కొన్నాళ్లకి వేళ్ల చివర్లు నల్లబడి నున్నగా అయిపోతాయి, గీతన్నది కనపడదు. తండ్రి లేని హైమావతి, ఇంటర్ పాసయ్యాక రెండేళ్లు తల్లి తౌడమ్మ పక్కన కూర్చుని పిక్కలు కొట్టింది. ఆ తర్వాత జిల్లా కేంద్రంలోని ఆడపిల్లల కాలేజీలో బీయస్సీ సీటు వచ్చింది. ఫీజూ హాస్టలూ అన్నీ సంస్థే చూసుకుంటుందన్నారు. తౌడమ్మ ఆ రోజు షెడ్డంతా తిరిగి అందరికీ బెల్లం ముక్క పెట్టింది.

చేర్చుకునే రోజున వేలిముద్రలు తీసుకున్నారు. మిషను దగ్గర కూర్చున్న ఆపరేటరు ఢిల్లేశ్వరరావు హైమావతి పది వేళ్లూ ఒకటి తర్వాత ఒకటి అద్దం మీద పెట్టించాడు. తుడిచి పెట్టించాడు. నీళ్లతో కడిగించి పెట్టించాడు. తెర మీద పది తెల్లటి గుండ్రాలు తప్ప ఏమీ పడలేదు.

ఇలాంటి చోట మామూలు ఉద్యోగి అయితే చేతులెత్తేస్తాడు. సూపరింటెండెంటు మండపాక కామేశ్వరరావు గారు మామూలు ఉద్యోగి కారు. ఆయన పిల్ల వేళ్లను అటూ ఇటూ తిప్పి చూసి, కళ్లద్దాలు సర్దుకుని, ఫైల్లో తన సొంత దస్తూరీతో ఇలా రాశారు: "లబ్ధిదారు పది వేళ్లపైనా ముద్రలు లేవు. కావున ముద్రలు లేకపోవుటయే ఈమె గుర్తుగా పరిగణించడమైనది." ఇంత క్లిష్టమైన చిక్కుని ఒక్క వాక్యంలో విప్పినందుకు జనవరి ఇరవై ఆరున ఆయనకి ప్రశంసాపత్రం ఇచ్చారు. దాన్ని ఆయన కుర్చీ వెనక గోడకి తగిలించారు.

హైమావతి హాస్టల్లో చేరింది. షెడ్డు లేదు, రసం లేదు. రోజూ పుస్తకాలు, అన్నం, నిద్ర. రెండు నెలలకి నల్లతోలు పొరలు పొరలుగా ఊడింది. నాలుగు నెలలకి వేళ్ల చివర సన్నటి గీతలు కనిపించాయి. డిసెంబరులో కాలేజీకి హాజరు మిషను వస్తే అందరితోపాటు తనూ కుడి బొటనవేలు పెట్టింది. టింగుమని మోగింది. ఆ పిల్లకి ఎంత సంబరమయిందంటే, హాస్టలుకి పోయి వేలికి సిరా పూసుకుని కాగితం మీద అద్ది, ఆ కాగితం తల్లికి పోస్టులో పంపింది. తౌడమ్మ దాన్ని దేవుడి పటం వెనక దాచుకుంది.

ఏప్రిల్లో పరీక్షలయ్యాయి. హైమావతికి క్లాసులో రెండో స్థానం వచ్చింది. మే నెలలో స్కాలర్‌షిప్ రెన్యువల్‌కి రమ్మన్నారు.

ఢిల్లేశ్వరరావు మిషను ముందుకు తోశాడు. హైమావతి వేలు పెట్టింది. తెర మీద ముద్ర చక్కగా పడింది. ఢిల్లేశ్వరరావు చాలా సంతోషించాడు, ఎందుకంటే ఆ మిషను మీద అంత బాగా పడ్డ ముద్రని అతను చూసి ఎన్నాళ్లో అయింది. తర్వాత కింద ఎర్రక్షరాల్లో "సరిపోలలేదు" అని వచ్చింది. అతను లేచి కామేశ్వరరావు గారి బల్ల దగ్గరికి వెళ్లాడు.

కామేశ్వరరావు గారు ఆ వేళ్లని వెలుగులో పెట్టి చూశారు. ఆయన ముఖం వాడిపోయింది.

"ఈ వేళ్లు మావి కావమ్మా."

"నావేనండి. పిక్కలు కొట్టడం మానేశాను కదండీ, అంచేత బాగయ్యాయి."

"బాగవడానికి ఎవరి అనుమతి తీసుకున్నావు?"

"వాటంతటవే బాగయ్యాయండి," అంది హైమావతి.

"గుర్తులో మార్పు వస్తే పదిహేను రోజుల్లోగా లిఖితపూర్వకంగా తెలియజేయాలి. మొదటి గీత కనబడ్డప్పుడే ఒక అర్జీ పడేసి ఉంటే ఇవాళ ఈ బాధ ఉండేది కాదు."

"ఫొటో ఉంది కదండీ, నా మొహం చూడండి."

"మొహందేముందమ్మా, అందరికీ ఉంటుంది. మా నిబంధన వేలిది." ఆయన గొంతు తగ్గించారు. ఆయన చెడ్డవారు కారు, ఆ మాట ముందే చెప్పాలి. "ముప్పై రోజుల గడువుంది. ఈలోగా పాత వేళ్లు చూపిస్తే నాకేం అభ్యంతరం లేదు. చూపించలేకపోతే హాస్టలు ఖాళీ చెయ్యాల్సి ఉంటుంది."

మర్నాడు తౌడమ్మ బస్సెక్కి వచ్చింది. షెడ్డులోంచి అలాగే వచ్చేసిందేమో, చీర మీద పెంకు పొడి ఇంకా ఉంది. కూతురి వెనకే ఆఫీసులోకి నడిచి, కామేశ్వరరావు గారి ముందు రెండు చేతులూ జోడించింది.

"బాబూ, మా గుంట అబద్దం ఆడదు. దాని సేతి ఏల్లు కూడా నా ఏల్ల లాగే ఉండీవి. సదువుకున్నాక బాగయినాయి. బాగయితే తప్పేటి బాబూ?"

కామేశ్వరరావు గారు ఆ జోడించిన చేతుల్నే చూస్తున్నారు. నల్లగా, నున్నగా, ఒక్క గీత లేని పది వేళ్లు. ఆయన కళ్లు చెమర్చాయి.

"ఢిల్లేశ్వరరావ్, మిషను ఇలా పట్రా."

తౌడమ్మ వేలు అద్దం మీద పెట్టించారు. తెర మీద తెల్లటి గుండ్రం. కింద ఆకుపచ్చ అక్షరాలు: "సరిపోలినది. లబ్ధిదారు పేరు: బమ్మిడి హైమావతి."

"ఏమీ లేందాంతో ఏమీ లేంది సరిపోయింది సార్," అన్నాడు ఢిల్లేశ్వరరావు నెమ్మదిగా. "వాళ్ల షెడ్డులో ఎవరిది పెట్టినా ఇలాగే వస్తాది."

"నిన్ను అభిప్రాయం అడగలేదు." కామేశ్వరరావు గారు లేచి నిలబడి, తన ఎదుటి కుర్చీ తౌడమ్మ వైపు జరిపారు. "కూర్చోండి హైమావతి గారూ."

తౌడమ్మ వెనక్కి తిరిగి కూతురి వైపు చూసింది.

"మీకు స్కాలర్‌షిప్ కొనసాగుతుందమ్మా. జూలై మొదటి వారంలో కాలేజీ తెరుస్తారు. సెకండియర్‌లో చేరిపోండి."

"నానా? నాను సదువుకోనేదు బాబూ. నాకు సంతకమే రాదు."

"అది కాలేజీ వారు చూసుకోవలసిన విషయం. మా బాధ్యత గుర్తింపు వరకే." ఆయన హైమావతి వైపు తిరిగారు. "నువ్వెవరో మాత్రం తేలాల్సి ఉంది."

తేల్చడానికి విచారణ పెట్టారు. సంస్థకి పెద్ద, జాయింట్ డైరెక్టరు విరూపాక్షం గారు స్వయంగా వచ్చారు. ఆయన పంచె కట్టుకుంటారు, పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడతారు, శుభముహూర్తం చూడకుండా ఏ ఫైలు మీదా సంతకం పెట్టరు. తల్లీకూతుళ్లని ఎదురుగా నిలబెట్టి, ఫైలంతా చదివించుకుని, చాలాసేపు కళ్లు మూసుకున్నారు.

"సమస్య చిన్నది కాదు," అన్నారు చివరికి. "నిరుడు మేము ఆదుకున్నది ముద్రలు లేని ఒక నిరుపేద బాలికను. నేడు ముద్రలు గల ఒక బాలిక మా యెదుటికి వచ్చి, ఆమెను నేనే అనుచున్నది. నేను అడిగేది ఒకటే. మేము ఆదుకున్న ఆ నిరుపేద బాలిక ఏమైనట్లు?"

గదిలో అందరూ ఆ నిరుపేద బాలిక గురించి ఒక నిమిషం బాధపడ్డారు.

"ఆ అమ్మాయిని నేనే సార్. బాగుపడ్డాను," అంది హైమావతి.

"బాగుపడుట అనే గడి మా ఫారములో లేదు. పూర్వస్థితిని పునరుద్ధరించుకుని వచ్చినచో పరిశీలించగలము."

"అంటే ఏటి బాబూ?" అని తౌడమ్మ అడిగింది.

"మళ్లీ పిక్కలు కొట్టుకోమంటున్నారమ్మా," అని ఢిల్లేశ్వరరావు వివరించాడు.

హైమావతికి ఒళ్లు మండింది. అయినా ఆ పిల్ల లెక్కల విద్యార్థిని. "సార్, వేళ్లు కాల్చుకుంటే కాలేజీలో హాజరు పడదు. అక్కడి మిషనులో ఉన్నది కొత్త ముద్ర. హాజరు డెబ్బై అయిదు శాతం లేకపోతే మళ్లీ మీరే స్కాలర్‌షిప్ ఆపేస్తారు. ముద్ర ఉంటే మీరొప్పుకోరు, లేకపోతే కాలేజీ ఒప్పుకోదు. ఏ వేళ్లతో రమ్మంటారో మీరే చెప్పండి."

విరూపాక్షం గారు మళ్లీ కళ్లు మూసుకున్నారు. ఈసారి తెరిచేసరికి ఆయన ముఖం వెలిగిపోతోంది.

"భగవంతుడు మనిషికి రెండు చేతులు ఊరకనే ఇచ్చాడా?"

కామేశ్వరరావు గారు పెన్ను తీశారు.

"రాసుకోండి. కుడి చేయి విద్యకు, ఎడమ చేయి సహాయమునకు. కుడి చేతి ముద్రలతో ఆమె విద్యార్థిని. ఎడమ చేతికి ముద్రలు లేనంత కాలము ఆమె మా లబ్ధిదారు. ఎవరి చేయి వారిది. దీనికి వామహస్త భరోసా అని పేరు పెట్టండి. ప్రతి వేసవిలోను నలభై అయిదు దినములు పునరుద్ధరణకు అనుమతించడమైనది."

అందరూ చప్పట్లు కొట్టారు. హైమావతి తన ఎడం చెయ్యిని ఒకసారి చూసుకుంది. కిందటి ఏడాది ఈ చేత్తోనే పుస్తకం పట్టుకుంది, కుడి చేత్తో రాసింది. పోనీలే, అనుకుంది. డిగ్రీ అయ్యేదాకా ఇంకా రెండు వేసవులే కదా.

వేసవి సెలవులన్నీ షెడ్డులో కూర్చుంది. కుడి చేతికి ప్లాస్టిక్ కవరు తొడిగి, మణికట్టు దగ్గర తాడుతో కట్టింది తౌడమ్మ. ఎడం చేత్తో పిక్క పట్టుకుంటే రసం వేళ్ల మీద కారేది. ఏడాది పాటు మెత్తబడ్డ తోలు కదా, పాతప్పటికంటే ఎక్కువ మండింది. పక్కనున్న ఆడవాళ్లు ఎడం చేతికి బూడిద రాసుకోమన్నారు. ఎలా రాసుకుంటుంది, కాలాలని కదా కూర్చుంది. తౌడమ్మ ఆ వేసవంతా కూతురి చేతి వైపు చూడకుండా పిక్కలు కొట్టింది. చూస్తే ఏడుపొస్తుందని.

జూన్ చివరికి ఎడం చెయ్యి నున్నగా తయారయింది. కామేశ్వరరావు గారు అయిదు వేళ్లూ పరీక్షించి, "శభాష్, కష్టపడ్డావు," అన్నారు. మిషను కూడా సరిపోలిందంది. మంజూరు కాగితం సిద్ధమయింది. అది బల్ల మీంచి ఇచ్చేస్తే అయిపోయేది. కానీ అది వామహస్త భరోసా మొదటి మంజూరు. సభ పెట్టకుండా ఎలా ఇస్తారు?

కాలేజీ హాల్లో సభ. వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ మీద ఒక నల్ల చెయ్యీ ఒక మామూలు చెయ్యీ నమస్కారం పెడుతున్నాయి. విరూపాక్షం గారు ముప్పావుగంట ఉపన్యాసమిచ్చారు. పేదరికాన్ని ఒక చేతికే పరిమితం చేసిన తొలి జిల్లా మనదేనని చెప్పారు. తౌడమ్మని ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆవిడ పెట్టెలోంచి తీసిన చీర కట్టుకుని, అంతమంది పెద్దవాళ్ల మధ్య కూతురు ఎలా నడుస్తుందో, ఎలా దణ్ణం పెడుతుందో అని కళ్లార్పకుండా చూస్తోంది.

హైమావతి వేదికెక్కింది. మెట్ల దగ్గరే కామేశ్వరరావు గారు, "ఎడమ చెయ్యమ్మా, మర్చిపోకు," అని చెవిలో చెప్పారు. విరూపాక్షం గారు కాగితం ముందుకి చాపారు. హైమావతి ఎడం చెయ్యి చాపింది.

ముందు వరసలోంచి తౌడమ్మ గొంతు వినపడింది. "ఒలే, ఎడం సెయ్యేటే? పెద్దోలిచ్చినప్పుడు కుడి సెయ్యి సాపాలని సెప్పనేదా?"

నడక వచ్చినప్పట్నించీ విన్న మాట అది. ప్రసాదమైనా, పసుపుకుంకాలైనా, పక్కింటివాళ్లు పెట్టిన మురుకైనా ఆ మాట వినపడ్డాకే తీసుకుంది. ఎడం చెయ్యి దానంతటదే వెనక్కి పోయింది. కుడి చెయ్యి ముందుకి వచ్చి కాగితం అందుకుంది. ఫొటో తీశారు. విరూపాక్షం గారికి పిల్ల పద్ధతి నచ్చి తల మీద చెయ్యి వేసి దీవించారు. తౌడమ్మ చుట్టూ చూసి, పిల్లని బాగానే పెంచాననుకుంది.

పదకొండో రోజున మెమో వచ్చింది.

"పైన ఉదహరించిన విషయమై తెలియజేయునది ఏమనగా, తేదీ పన్నెండున జరిగిన సభలో మంజూరు ఉత్తర్వును కుడి హస్తము స్వీకరించినట్లు ఛాయాచిత్రము ద్వారా నిర్ధారణ అయినది. సదరు కుడి హస్తము మా లబ్ధిదారు కాదు. అర్హత లేని హస్తమునకు సహాయము చేరినందున మంజూరును రద్దుపరచడమైనది."

హైమావతి ఆ మెమో పట్టుకుని పరిగెత్తింది. కామేశ్వరరావు గారి బల్ల మీద ఫొటో ఉంది, పక్కన భూతద్దం ఉంది.

"మా అమ్మ చెప్పిందని తీసుకున్నానండి. అలవాటు."

"నాకు తెలియదా అమ్మా? నేనైతే ఎడం చేత్తో చచ్చినా తీసుకోను. నీ తప్పేం లేదు, నీ చేతి తప్పు. ఆడిట్‌వాళ్లు ఫొటో చూస్తే నా ఉద్యోగం పోతుంది. వచ్చే ఏడు మళ్లీ పెట్టుకో."

"వచ్చే ఏడు దాకా ఎక్కడుండమంటారండీ?"

కామేశ్వరరావు గారు నిజంగానే ఆలోచించారు. ఆ గడి కూడా ఫారంలో లేదు.

హాస్టలు వార్డెను వారం రోజులు ఆగింది, పాపం. తర్వాత హైమావతి ట్రంకుపెట్టె పట్టుకుని బస్సెక్కింది. తౌడమ్మకి మెమో చదివి వినిపించలేదు. డబ్బు రాలేదట, అని మాత్రం చెప్పింది. తన నోటి మాట వల్లే పోయిందని తౌడమ్మకి ఇప్పటికీ తెలియదు. ఎవరూ చెప్పకండి.

మార్చి నెల వచ్చింది. సంవత్సరాంతం లెక్కలు చూస్తే వామహస్త భరోసాకి ఫ్లెక్సీ ఉంది, సభ ఉంది, ఫొటో ఉంది, లబ్ధిదారు మాత్రం లేదు. ముప్పై ఒకటో తేదీలోగా కనీసం ఒక్కరిని చూపించకపోతే పథకం ఎత్తేస్తారని పైనుంచి ఫోనొచ్చింది. కామేశ్వరరావు గారు ఢిల్లేశ్వరరావునీ మిషన్నీ జీపులో వేసుకుని నేరుగా షెడ్డుకి వచ్చారు.

హైమావతి తల్లి పక్కనే కూర్చుని ఉంది. ఈసారి కుడి చేతికి కవరు లేదు. ఎనిమిది నెలలుగా లేదు. ఢిల్లేశ్వరరావు మిషను ఆమె ముందు పెట్టి, ఎందుకో తల పక్కకి తిప్పుకున్నాడు. ఒక వేలు, రెండు, అయిదు, పది. పది తెల్లటి గుండ్రాలు. ఆకుపచ్చ అక్షరాలు.

కామేశ్వరరావు గారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "ఇదిగో, ఇదీ మా హైమావతి. చూశావా, ఎడమ చెయ్యే కాదు, రెండూ సరిపోయాయి. ఇప్పుడు ఏ చేత్తో తీసుకున్నా మాకు అభ్యంతరం లేదు. చదువుతున్నట్టు కాలేజీనించి ఒక్క సర్టిఫికెట్ పట్రా, ఇవాళే మంజూరు చేయిస్తాను."

"నేను కాలేజీ మానేసి ఎనిమిది నెలలయిందండీ."

"మానెయ్యడమేమిటి? అర్హత వచ్చే వేళకి చదువు మానేస్తే ఎలాగమ్మా? వెళ్లి చేరు."

హైమావతి ఇంకో పిక్క తీసి చేతిలో పెట్టుకుంది.

"చేరితే వేళ్లు మళ్లీ బాగయిపోతాయి సార్. అప్పుడు మీరు నన్ను గుర్తుపట్టరు."

తౌడమ్మ సుత్తి ఆగింది. షెడ్డులో ఆడవాళ్లందరూ కామేశ్వరరావు గారి వైపు చూశారు. ఆయన ఫైలు తెరిచి మోకాలి మీద పెట్టుకుని, చివరి గడిలో తన సొంత దస్తూరీతో ఇలా రాశారు: "లబ్ధిదారుకు చదువుపై ఆసక్తి లేదు."

వెళ్లేటప్పుడు షెడ్డు యజమాని గుమ్మందాకా వచ్చి కిలో జీడిపప్పు పొట్లం ఇచ్చాడు. కామేశ్వరరావు గారు ఫైలుని ఎడం చేతిలోకి మార్చుకుని, పొట్లాన్ని కుడి చేత్తో పుచ్చుకుని జీపెక్కారు.